ఇసుకలో దాగిన మాట

మిట్టమధ్యాహ్నం. అడవంతా సగం నిద్రలో ఉంది. దూరంగా ఏటి ఇసుక తళతళ మెరుస్తుంటే నీళ్లేమో అనిపించేది, దగ్గరికి పోతే మళ్లీ ఇసుకే. ఆ ఏడు ఏరు పూర్తిగా ఎండిపోయింది. జంతువులన్నీ గట్టు మీద నేరేడు చెట్ల కింద పడుకుని వాన కలలు కంటున్నాయి.

ఆ కలలోకే అన్నట్టు పైనుంచి ఒక గొంతు జారింది. సముద్రం వైపు పోతున్న కొంగల బారులో ఒక ముసలి కొంగ, రెక్క ఆపకుండానే కేకేసింది.

"ఏరు ఎండిందని ఏడవకండర్రా! ఇసుకలో చెలమ తీయండి. లోతుకు పోతే ఊరుతుంది. తేటపడనిచ్చి, కడుపునిండా తాగండి!"

బారు తెల్లటి దారంలా సాగి సాగి ఆకాశంలో కరిగిపోయింది. విన్నామా, కలగన్నామా అని అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"చెలమ అంటే ఏంటి?" అంది కుందేలు చెవులమ్మ. ఆమె పిల్లలు పొద్దున్నుంచీ దాహంతో పొదలోంచి లేవలేదు.

"మా వంశంలో ఎవరి నోటా ఆ మాట వినలేదు," అన్నాడు అడవిపంది ముట్టెన్న.

"నేను విన్నాను," అంటూ నక్క జంబన్న ముందుకొచ్చాడు. "చెలమ అంటే ఇసుకదెయ్యం. ఏట్లో అడుగు పెట్టినవాళ్లను లోపలికి లాగేస్తుంది. పాపం, కొంగ మనల్ని హెచ్చరించి పోయింది. ప్రాణం మీద తీపి ఉంటే ఈ గట్టు దిగకండి. కొండ దాటి పోండి, అవతల నీళ్లుంటాయి."

నిజానికి చెలమంటే ఏంటో జంబన్నకు బాగా తెలుసు. ఏటి మలుపు అవతల, బండ చాటున చిన్నదొకటి తీసుకుని ఎవరి కంటా పడకుండా తాగి వస్తున్నాడు. నలుగురికీ తెలిస్తే తనకు మిగలదని వాడి భయం.

"ఈ పిల్లలను వేసుకుని ఆ కొండ ఎలా ఎక్కేది?" చెవులమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. అయినా లేచింది. మిగతావాళ్లూ బద్ధకంగా లేచారు.

"ఆగండర్రా," అంది ముసలి దుప్పి చుక్కమ్మ. "నాకు సగమే వినబడింది. చెవులమ్మా, కొంగ ఏమందో ఉన్నదున్నట్టు చెప్పవే తల్లీ."

చెవులమ్మ పొల్లుపోకుండా చెప్పింది. చుక్కమ్మ కళ్లు మూసుకుంది. ఆ మాటలను నెమరు వేస్తున్నట్టుంది.

"చెలమ తీయండి, అందా? దెయ్యాన్ని ఎవరైనా తీస్తారటయ్యా జంబన్నా?"

"తీయండి అంటే తరిమేయండి అని, అత్తా."

"మరి ఊరుతుంది అందే, ఏం ఊరుతుంది?"

"దానికి కోపం ఊరుతుంది."

"తేటపడనిచ్చి అని కూడా అంది. దెయ్యం తేటపడుతుందా నాయనా?"

"కోపం తగ్గి శాంతిస్తుందన్నమాట."

"తాగండి అందే మరి?"

"తాగండి అనలేదు. తాగుతుంది అంది. మీ నెత్తురు!"

"తాగండి అనే అంది. ఇంత పొడుగు చెవులు పెట్టుకుని ఆ మాత్రం వినలేనా?" అంది చెవులమ్మ.

"తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటాడు వీడు," అన్నాడు ముట్టెన్న. ఆ సామెత నచ్చక చెవులమ్మ తన కాళ్లు నాలుగూ ముందుకు చాపి చూపించింది.

చుక్కమ్మ నవ్వి, "నాకు చెవులు మందగించి చాలా కాలమైంది," అంది. "మీ మాటల్లో సగం గాలికే పోతాయి. వినబడని మాటేమిటో దాని పక్క మాటలను అడిగి తెలుసుకుంటుంటాను. ఇప్పుడూ అంతే. ఇసుకలో తీసేది, లోతుకు పోయేది ఏంటి?"

"గుంట!" అన్నాడు ముట్టెన్న.

"అందులో ఊరి, తేటపడి, మనం తాగేది?"

చెవులమ్మ పొదలోని పిల్లల వైపు చూసింది. "నీళ్లు..."

"చెలమ అన్నచోట అది పెట్టి చూడండి. ఇసుకలో నీళ్ల గుంట తీయండి, లోతుకు పోతే ఊరుతుంది. అతికిందా? ఇప్పుడు దెయ్యాన్ని పెట్టండి."

"దెయ్యాన్ని తేటపడనిచ్చి, కడుపునిండా తాగండి!" అని ముట్టెన్న అనేసరికి ఎండిన గొంతులన్నీ ఒక్కసారి నవ్వాయి.

"అయినా నాది ఊహే. తవ్వితేగానీ తేలదు," అంటూ చుక్కమ్మ గట్టు దిగింది. ఆమె వెనకే మిగతావాళ్లూ దిగారు. ఇసుక కాలింది కానీ ఏ దెయ్యమూ లోపలికి లాగలేదు.

"మీ ఎముకలు ఏరడానికి నేను రాను!" అని గట్టు మీంచి అరిచాడు జంబన్న.

ముట్టెన్న ముట్టెతో తవ్వాడు, మిగతావాళ్లు ఇసుక పక్కకు తోశారు. పై ఇసుక నిప్పులా ఉంది, కింద గోరువెచ్చన, ఇంకా కింద చల్లన. ఇసుక నల్లబడింది. అడుగున ఏదో చిన్నగా మెరిసింది. చూస్తుండగానే బురదనీళ్లు పైకొచ్చాయి. చెవులమ్మ మూతి పెట్టబోతే చుక్కమ్మ ఆపింది.

"తేటపడనీయవే."

అందరూ చుట్టూ కూర్చుని చూశారు. బురద మెల్లగా అడుగుకు దిగింది. నీళ్లలోకి ముందు ఆకాశం వచ్చింది, ఆ తరువాత ఒక మబ్బుతునక, ఆపైన వాళ్ల ముఖాలు. చెవులమ్మ పిల్లలను ఒక్కొక్కరినే తెచ్చి తాగించింది. కలలో తాగినట్టు కళ్లు మూసుకుని తాగారు.

ఆ పెద్ద చెలమలోకే నీరంతా ఊరుతుండటంతో, మలుపు అవతల జంబన్న తీసుకున్న చిన్న గుంట ఇంకిపోయింది. దాహం ఆపుకోలేక ఒక సాయంత్రం అందరి ముందుకే వచ్చాడు. ఎవరూ తరమలేదు. వాడు వంగి తాగుతుంటే చెవులమ్మ పక్కనే కూర్చుని మెత్తగా అడిగింది.

"జంబన్న బావా, దీన్నేమంటారు?"

మూతి నుంచి నీళ్లు కారుతుండగా జంబన్న తల ఎత్తకుండానే చెప్పాడు.

"చెలమ."

తెలియని మాట గుట్టు దాని ఇరుగుపొరుగు మాటలకే తెలుస్తుంది.