తీగ మీద గుడ్డ

మౌలాలికి ప్రోస్టేటు క్యాన్సర్ అని తేలింది. ఊరికే వదిలేస్తే అది ఉన్నచోట ఉండదని డాక్టరమ్మ చెప్పింది. ఆపరేషన్ చేస్తే మూత్రం చుక్కలుగా కారొచ్చు. చాలామందికి కొన్ని నెలల్లో తగ్గుతుంది, కొందరికి ఉండిపోతుంది. రేడియేషన్ పెడితే ఆ బాధ తక్కువే గాని, ఏళ్లు గడిచాక పేగులోంచి నెత్తురు పడొచ్చు. ఆమె ఇంకా చెబుతుండగానే మౌలాలి లేచి వచ్చేశాడు.

గుట్ట మీది దర్గాలో ఉరుసుకు గంధం గిన్నె నెత్తిన ఎత్తుకునేది అతనే. ముఖం, కాళ్లూ చేతులూ కడిగి వజూ చేసుకుని, ఒంటి మీద మైల లేకుండా ఎత్తుకోవాలి. తండ్రి నుంచి వచ్చిన గౌరవం.

"రెండూ వద్దు బాబా" అన్నాడు దర్గా ఆవరణలో కూర్చున్న గురువు జలాల్ బాబాతో. "కారుతూ బతికే కంటే శుభ్రంగా పోతా. గంధం ఇంకొకడికి ఇచ్చేది లేదు."

"పోయినాక నువ్వే ఎత్తుకుంటావా?"

బాబా లేచి కొళాయి దగ్గరికి నడిచాడు. ఆవరణలో శిష్యులు పూలు గుచ్చుతున్నారు. బాబా గోడవైపు తిరిగి లుంగీ లోపలి నుంచి ఒక గుడ్డ తీశాడు. తడిసి ఉంది. మూత్రం వాసన మౌలాలి దాకా వచ్చింది. బాబా దాన్ని తన చేత్తోనే ఉతికి, పిండి, అందరూ నడిచే దారికి అడ్డంగా ఉన్న తీగ మీద ఆరేశాడు.

"ఇదెవరిది? పసిపిల్లోళ్ల గుడ్డ మాదిరి ఉందే" అని నవ్వాడు పూలు గుచ్చుతున్న ఖాజావలి.

"నాది" అన్నాడు బాబా, ఆవరణంతా వినబడేలా. "వచ్చినప్పుడల్లా నా చెయ్యి కళ్లకద్దుకుంటావు గదరా. ఈ చెయ్యే పిండింది."

ఖాజావలి తల వంచి పూలు వెతుక్కున్నాడు.

బాబా పొడి గుడ్డ కట్టుకుని వజూకు కూర్చున్నాడు. మౌలాలి నీళ్లు పోస్తూ మెల్లగా అడిగాడు.

"మళ్లీ కారితే, బాబా?"

"కారేది కారుతుంది. నమాజు వేళకు మళ్లీ వజూ చేసుకుంటా. నేను మొక్కేది మొక్కుతా."

మర్నాడు మౌలాలి ఆస్పత్రిలో కాళ్లు బారజాపుకుని కూర్చున్నాడు. డాక్టరమ్మ తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది.

"గట్టిగా చెప్పమ్మా. ఆపరేషనూ రేడియేషనూ, పదేళ్లకు ఏది ఎట్లుంటుందో రెండూ చెప్పు. మగతనం సంగతి కూడా చెప్పు. బయటోళ్లు వింటే విననీ."