ఆరు పాళ్ల వరద

బుగ్గవాగుకు ఎడమ ఒడ్డున ఇప్పవనం ఉండేది. దాని రాజు గండరాయుడు అనే అడవిదున్న. కుడి ఒడ్డున మద్దివనం. దాన్ని గున్నమ్మ అనే ఏనుగు ఏలేది. దుప్పులు, కుందేళ్లు, కోతులు, ముళ్లపందులు రెండు అడవుల్లోనూ ఉండేవి.

వాగును కనిపెట్టి ఉండే పని రెండు తాబేళ్లది. అవి అన్నదమ్ములు. అన్న ఇప్పవనంలో, తమ్ముడు మద్దివనంలో కొలువు చేసేవి. రోజూ పొద్దున్నే వాగు మధ్యనున్న బండ దగ్గర కలిసి నీళ్లు ఎంతవరకు వచ్చాయో చూసేవి.

చెప్పే పద్ధతి మాత్రం వేరు. మద్దివనంలో తాబేలు సభ మధ్య నిలబడి అందరికీ వినపడేలా చెప్పాలి. ఇప్పవనంలో రాజుగారి చెవిలోనే చెప్పాలి. ఆ తర్వాత రాజు సభకు ఏది చెబితే అదే తాబేలు మాట. బయట నోరు విప్పితే కొలువు ఊడుతుంది.

ఒక వానాకాలం అడవిలో చినుకు లేదు. అయినా వాగు ఎర్రబడింది. చీమలు గుడ్లు మోసుకుని చెట్లెక్కాయి. తాబేళ్లు రెండూ మూడు పొద్దులు చూసి, ఒకే మాట అనుకుని ఇళ్లకు తిరిగాయి.

అన్న తాబేలు రాజు చెవిలో చెప్పింది. "పదింట ఆరు పాళ్లు వరద వచ్చేలా ఉంది. నాలుగు పాళ్లు రాకపోవచ్చు."

గండరాయుడికి చిరాకేసింది. నాలుగు రోజుల్లో వాగు పక్క పల్లంలో పచ్చిక పండుగ. దానికి చుట్టుపక్కల అడవులన్నిటినీ పిలిచి గొప్పలు పోయాడు మరి.

"వస్తుందా, రాదా? ఒక్క మాట చెప్పు."

"ఒక్క మాటలో చెప్పలేను ప్రభూ."

"అంటే రాకపోవచ్చన్నమాట," అన్నాడు గండరాయుడు. వెంటనే సభకెళ్లి, వరద రాదని తాబేలు తేల్చేసిందని చాటించాడు. కుందేళ్లు సంతోషంగా పల్లంలోని బొరియలకు వెళ్లిపోయాయి. తాబేలు తల లోపలికి లాక్కుంది.

అవతల ఒడ్డున తమ్ముడు తాబేలు అదే మాట సభలో చెప్పింది. కోతులు వెక్కిరించాయి. ఆరో, నాలుగో తేల్చుకుని రమ్మన్నాయి. ముళ్లపందులు సందేహాలతో దాని బుర్ర తిన్నాయి. అన్నిటికీ అది ఓపికగా జవాబు చెప్పింది. తెలియనివి తెలియవని ఒప్పుకుంది.

చివరికి గున్నమ్మ లేచింది. "చూసి చెప్పడం తాబేలు పని. నిర్ణయం నాది. అందరూ గుట్టెక్కండి. వరద రాకపోతే తిట్లు నేను తింటాను, తాబేలును ఏమీ అనకండి."

మూడు రోజులు ఏమీ కాలేదు. గుట్ట మీద మేత చాలక అందరూ సణిగారు. గున్నమ్మ తిట్లు తింది. ఆమెకూ లోపల గుబులుగానే ఉంది, కానీ దిగమనలేదు.

ఇప్పవనంలో చుక్కమ్మ అనే దుప్పికి కాలు నిలవడం లేదు. దాని కూన పుట్టి అయిదు రోజులైంది. వాగు చూస్తే ఎరుపు, అవతల చూస్తే అందరూ గుట్ట మీద. నాలుగో రోజు పొద్దున పల్లంలో పండుగ మొదలవుతుంటే అది అక్కడే ఉన్న అన్న తాబేలు దగ్గరికి పరుగెత్తింది.

"నీ మీద నమ్మకంతో నా బిడ్డను ఇక్కడ పడుకోబెట్టాను. వరద రాదని నిజంగా నువ్వే అన్నావా?"

కూన గడ్డిలోంచి తల ఎత్తి దాని వైపు చూసింది.

"అనలేదు. ఆరు పాళ్లు వస్తుందన్నాను," అంది తాబేలు.

చుక్కమ్మ కూనను లేపి గుట్ట వైపు తరిమింది. దారి పొడుగునా అరుస్తూ పోయింది. విన్నవాళ్లు వెంట పరుగెత్తారు. బొరియల్లోకి ఆ అరుపు వినపడలేదు.

మధ్యాహ్నానికి ఎక్కడో కొండల్లో కురిసిన వాన వాగులోకి వచ్చింది. పల్లం మునిగింది. పండుగ మధ్యలో నిలబడ్డ గండరాయుడు కొట్టుకుపోయి, కాలు విరిగి అవతల ఒడ్డున తేలాడు. గున్నమ్మ తొండంతో పైకి లాగింది.

"నీ తాబేలు గట్టిది. వస్తుందని తేల్చి చెప్పింది. నాది నాన్చింది," అన్నాడు అతను మూలుగుతూ.

గున్నమ్మకు ఒళ్లు మండింది. "రెండు తాబేళ్లూ చూసింది ఒకే బండను. చెప్పింది ఒకే ఆరు పాళ్లు. నువ్వు మిగతా నాలుగే విన్నావు."

గండరాయుడు తల దించుకున్నాడు.

నీళ్లు తగ్గాక ఇప్పవనం కొత్త రాజుగా ముళ్లపందుల పెద్దను ఎన్నుకుంది. ఆ రోజు నుంచి అన్న తాబేలు కూడా సభ మధ్యలో నిలబడి చెప్పసాగింది. మూడు రోజుల ముందే నోరు విప్పితే ఏమయ్యేదని మొదటి రోజే చుక్కమ్మ అడిగింది. తాబేలు ముందు వరస వైపు చూసింది. అక్కడ కుందేళ్లు కూర్చునే చోటు ఖాళీగా ఉంది.

నీతి: తెలిసినవారి మాటలో తనకు నచ్చిన సగమే వినే పాలకుడు, తనను నమ్మినవారిని ముంచుతాడు. తెలిసిన నిజాన్ని తెలిసిన రోజే నలుగురిలో చెప్పాలి.