తాడు అవతలి తీతువు

ఫోటోలు తీయడంలో చెయ్యి తిరిగినదే అయినా ‘ఇంకొంచెం దగ్గరగా’ అన్న యావ మాత్రం వదలని హైమవతి, సెలవు దొరికితే చాలు, నాగులమడుగు పక్షుల కేంద్రంలో వాలిపోయేది.

నీటి అంచున తిరిగే పిట్టల్ని నిలబడి తీస్తే అందం రాదు. నేలమీద బోర్లా పడుకుని, పిట్ట కంటికి సమానంగా కెమెరా పెట్టాలి. హైమవతి అలాగే తీసేది. ఒళ్ళంతా బురదతో ఇంటికొస్తే, “అమ్మా, గేదెలు కూడా నీకంటే శుభ్రంగా ఉంటాయి” అని కూతురు ప్రణతి ఏడిపించేది.

వేసవి వచ్చింది. పిట్టలు గుడ్లు పెట్టే కాలమని గట్టు పొడుగునా తాడు కట్టారు. దాటొద్దని బోర్డు పెట్టారు. ఆ ఆదివారం ప్రణతి కూడా వెంట వచ్చింది.

తాడుకు అవతల ఒక తీతువు పిట్ట అరుస్తూ లేచింది. కాస్త దూరంలో వాలి, ఒక రెక్క నేలమీద ఈడుస్తూ, ఒరిగిపోతూ, మళ్ళీ లేస్తూ తిరగసాగింది.

“అబ్బ! నాట్యం చేస్తోందే!” అంటూ హైమవతి తాడు కింద నుంచి దూరింది.

“అమ్మా, బోర్డు చూళ్ళేదా?”

“చూశాన్లే. పాకుతూ వెళ్తాగా, ఏం తొక్కేస్తాను?”

“దానికి దెబ్బ తగిలినట్టుందమ్మా. ఎలా అరుస్తోందో చూడు.”

“నువ్వు అరవకపోతే అదీ అరవదు. ఊరుకో.”

హైమవతి మోచేతుల మీద పాకింది. ఆమె ముందుకు జరిగేకొద్దీ పిట్ట మరింతగా రెక్క కొట్టుకుంది. అలాంటి బొమ్మ ఆమెకు ఏనాడూ దొరకలేదు. కెమెరా టకటకలాడింది.

మోచేతి కింద ఏదో చిట్లింది. వెచ్చగా తగిలింది.

కిందికి చూసింది. గులకరాళ్ళు అనుకున్నవి గులకరాళ్ళు కావు. మచ్చల గుడ్లు. రెండు చితికిపోయాయి. ఒకదాంట్లోని తడి పిల్ల ముక్కు ఒకసారి తెరిచి, మూసింది. మిగిలిన రెండూ పక్కనే ఉన్నాయి.

తీతువు రెక్క సర్దుకుంది. దానికి ఏ దెబ్బా లేదు. గుడ్ల నుంచి తనను దూరంగా తీసుకుపోవాలనే ఆ తల్లి అంతసేపూ కుంటిదానిలా నటించిందని హైమవతికి అప్పుడు తెలిసింది.

వెనక్కి ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. ప్రణతి ఆమె చేతికేసి చూసింది. చరచరా చెట్ల వైపు నడిచింది. తిట్టినా బాగుండేది.

చెట్టు నీడలో తోటి ఫోటోగ్రాఫర్లు ఇడ్లీలు తింటున్నారు. వాళ్ళలో పెద్దవారైన పట్టాభిగారు చొరవగా హైమవతి కెమెరా అందుకున్నారు.

“ఓహోహో! హైమవతిగారూ, ఇదేం ఫోటో అండీ! అచ్చం నాట్యమే! ఈసారి పోటీలో మొదటి బహుమతి మీకు కాకపోతే నన్నడగండి.”

హైమవతి తల ఊపింది. ప్రణతి ముఖం తిప్పుకుంది.

“ఆ బోర్డు పక్కనేనా? పదండయ్యా, ఎగిరిపోకముందే!” అన్నారు పట్టాభిగారు. పొట్లాలు వదిలి అందరూ లేచారు.

అక్కడ ఇంకా రెండు గుడ్లున్నాయి. నిజం చెబితే అవి మిగులుతాయి. చెబితే ఈ మనుషుల ముందు తను ఇక తలెత్తుకోలేదు. ఈలోగా పట్టాభిగారు తాడు పైకెత్తారు.

“ఆగండి!” హైమవతి అడ్డం వెళ్ళింది. “అది నాట్యం కాదు. గుడ్ల మీదికి పోతున్నానని అది పడ్డ పాట్లు. నేను పోయాను. చంపేశాను.”

చొక్కా చెయ్యి చాపి చూపించింది. నెత్తురు, పెంకు ముక్కలు.

పట్టాభిగారు తాడు వదిలేశారు. “ఇన్నేళ్ళుగా తీస్తూ, మీరు కూడానా...” అని ఆగిపోయారు. అందరూ మెల్లగా వెనక్కి నడిచారు.

కాసేపటికి తీతువు అరుపు ఆగింది. అది వచ్చి, మిగిలిన గుడ్ల మీద కూర్చుంది. ఎవరూ కెమెరా ఎత్తలేదు. హైమవతి అటు చూడనైనా లేదు.

ప్రణతి నీళ్ళ సీసా మూత తీసింది. “చెయ్యి కడుక్కోమ్మా” అంది.

నీతి: ఎదుటి ప్రాణి పడే అవస్థ మన కంటికి అందంగా కనిపించిందంటే, వెళ్ళకూడనంత దగ్గరికి మనం వెళ్ళిపోయామని అర్థం, అక్కడి నుంచి వెనక్కి రావడమే మంచితనం.