ముద్రల అధికారి ఆవలింత

ఆ రాజ్యంలో వైద్యులకు అనుమతి ముద్ర ఇచ్చే అధికారిని నేనే. నేనూ వైద్యుణ్ణే; రోగి నాడి పట్టుకోక ఇరవై ఏళ్ళయింది గానీ, నియమాలు మాత్రం అరవై రాశాను. ముద్ర ఉన్న వైద్యుడు పక్కన లేనిదే సహాయకుడు రోగిని తాకకూడదన్నది అందులో ఒకటి.

ఒక ఊళ్ళో వైద్యుడు లేని పూట, మందులు నూరే పైడయ్య ఒక కుమ్మరి విరిగిన చేతికి కట్టు కట్టాడట. అతన్ని ఊరినుంచి వెళ్ళగొట్టడానికి నేనే బయల్దేరాను.

జనం ముందు నిలబెట్టి, నియమాలన్నీ చదవడం మొదలుపెట్టాను. నలభయ్యో నియమం దగ్గర నాకే ఆవలింత వచ్చింది. తెరిచిన నోరు మళ్ళీ మూతపడలేదు. దవడ జారిపోయింది.

కళ్ళనీళ్ళతో పైడయ్యకు నోరు చూపించాను. అతను చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"అమ్మో, తప్పు బాబయ్యా! మా గురువుగారు పక్కన లేరు. తమరు చదవగా ఇప్పుడే విన్నాను."

నేనూ వైద్యుణ్ణేనని గుండె మీద కొట్టుకుని సైగ చేశాను.

"తమరిప్పుడు రోగి కదా. రోగి తన పక్కన తానే ఎలా నిలబడతాడు? నాకే ముద్ర ఉంటే ఈ చిక్కే లేదు."

చొంగ పట్టు కండువా మీద కారుతోంది. జనం నవ్వు ఆపుకుంటున్నారు. సంచీలోంచి ఒక రాగి ముద్ర తీసి అతని చేతిలో పెట్టాను.

పైడయ్య బొటనవేళ్ళకు గుడ్డ చుట్టుకుని, నా కింది దవడ పళ్ళ మీద ఆనించి కిందికి నొక్కాడు. దవడ టక్కున కూర్చుంది.

ఆ ముద్ర చెల్లదని వెంటనే అరవబోయాను.

"మెల్లగా బాబయ్యా," అన్నాడతను, ముద్ర మొలలో దోపుకుంటూ. "నెల్లాళ్ళు నోరు పెద్దగా తెరిస్తే మళ్ళీ జారుతుంది. అప్పుడు ముద్ర ఉన్నవాడు దగ్గరుండొద్దూ?"

నోరు మూసుకున్నాను.