నైరుతి తలుపు

శ్రావణమాసం మొదటి గురువారం సాయంత్రం సరిగ్గా నాలుగుంపావుకి, ఎవరైనా తన మాటకి ఎదురు చెబితే దేవుణ్ణి అడ్డం పెట్టుకుని నెగ్గుకొచ్చే అలవాటున్న బట్టల వ్యాపారి గ్రంధి కోదండపాణి, రాజమండ్రి పురపాలక సంఘం హాలులో లేచి నిలబడ్డాడు.

ఆ రోజు సమావేశం దుకాణాల భవనాలకి అగ్నిప్రమాద నిబంధనలు తిరగరాయడం గురించి. పాత నిబంధనలు ఊళ్లో మేడలు లేని కాలం నాటివి. ఇప్పుడు బట్టల బజారంతా మూడేసి అంతస్తులు లేచింది. కొత్త ముసాయిదాలో ఒక నియమం ఉంది. ప్రతి పెద్ద దుకాణానికీ వెనకవైపు రెండో మెట్లదారి ఉండాలి, ఆ దారిలో ఏమీ పెట్టకూడదు, దాని తలుపు బయటికి తెరుచుకోవాలి. ఈ కాస్త మాట కోసం అది నాలుగో సమావేశం. ప్రతిసారీ ఎవరో ఒకరు అభ్యంతరం చెప్పేవారు. ప్రతిసారీ వాయిదా పడేది.

ఆ ముసాయిదా రాసిన అగ్నిమాపక అధికారి సింహాద్రి మరుసటేడు పదవీ విరమణ చేయబోతున్నాడు. తిప్పి తిప్పి ఆయన చేతిలోని కాగితాల అంచులు నలిగిపోయాయి. అవే మాటలు చెప్పి చెప్పి ఆయన గొంతు కూడా అలాగే అయిపోయింది.

"సింహాద్రిగారూ, మా నాన్నగారు కట్టించిన వెనక మెట్లు మాకున్నాయి," అన్నాడు కోదండపాణి. "ఆ మెట్ల అడుగున, తలుపుకి అడ్డంగా, వెంకటేశ్వరస్వామి మండపం ఉంది. పన్నెండేళ్లుగా స్వామి అక్కడే కొలువై ఉన్నాడు. మరి స్వామిని లేచి పొమ్మంటారా? నోటీసు ఆయన పేరనే ఇస్తారా?"

హాలంతా గొల్లున నవ్వింది. వెనక వరసలో వ్యాపారులు చప్పట్లు కొట్టారు.

సింహాద్రి నవ్వలేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అయ్యా, మంటలార్పాక ముందుగా లోపలికెళ్లేది మేమండి. ముప్పై ఏళ్లుగా వెళ్తున్నాను. జనం మంట దగ్గర దొరకరండి. మూసిన తలుపు దగ్గర దొరుకుతారు," అన్నాడు.

నవ్వులు ఆగిపోయాయి. కోదండపాణి మాత్రం తగ్గలేదు. "మా దుకాణాన్ని స్వామే కాపాడుకుంటాడు లెండి," అని కూర్చున్నాడు.

అసలు సంగతి ఆయనొక్కడికే తెలుసు. తలుపు నైరుతిలో ఉందనీ, అది తెరిస్తే లక్ష్మి నిలవదనీ ఒక వాస్తు సిద్ధాంతి చెప్పాడు. ఊరికే మూసేస్తే తనిఖీకి వచ్చినవాళ్లు తెరిపిస్తారు. దేవుణ్ణి కూర్చోబెడితే ఎవరూ నోరెత్తరు. అలా వచ్చాడు స్వామి అక్కడికి. పైగా, మడి కట్టుకోనివాళ్లెవరూ మండపాన్ని ముట్టకూడదని దుకాణంలో కట్టడి చేశాడు. ముట్టేది తానొక్కడే. హారతి వేళకి పై అంతస్తులో కుట్టుపని చేసే వజ్రం మాత్రం దిగివచ్చి, నాలుగు మెట్ల పైనే నిలబడి, పాట పాడేది. ఆమె పాట లేనిదే అక్కడ హారతి లేదు.

భార్య మాణిక్యాంబ ఒకటి రెండుసార్లు అంది: "తలుపుకడ్డంగా స్వామినెందుకండీ? తూర్పు గదిలో పెట్టుకుందాం." "నీకు తెలీదు, ఊరుకో," అన్నాడు ఆయన. ఆమె ఊరుకుంది.

సింహాద్రి కాగితాలు సర్దుకుంటుండగా కోదండపాణి జేబులో ఫోను మోగింది. గుమాస్తా వీర్రాజు.

"అయ్యగారూ! ముందు మెట్ల కింద ఇన్వర్టరు అంటుకుందండి. పక్కనున్న చీరల కవర్లన్నీ అంటుకున్నాయి. కిందవాళ్లందరం బయటపడ్డాం. పైకి వెళ్దామంటే ఒకటే పొగండి."

"పైన ఎవరున్నారు?"

"కుట్టుగదిలో తొమ్మండుగురు ఆడవాళ్లండి. అమ్మగారు కూడా పైనే ఉన్నారు. రేపు శుక్రవారం పూజ చీరకి ఫాల్ కుట్టించుకుంటానని వచ్చారండి."

కోదండపాణి చటుక్కున లేచాడు. ఆయన మొహం చూసి సింహాద్రికి అడగవలసిన పని లేకపోయింది. ఫైరింజనుకి కబురు చెప్పి, ఆయన్ని చెయ్యి పట్టుకుని జీపెక్కించాడు. దారిలో ఒకే ఒక్క మాట అడిగాడు.

"ఆ తలుపు ఎటు తెరుచుకుంటుందండీ?"

"లోపలికి," అన్నాడు కోదండపాణి. ఆ మాట అంటూనే జీపు ఇంకా వేగంగా పోనిమ్మన్నాడు.

వెనక సందులోకి చేరేసరికి పై కిటికీల్లోంచి నల్లటి పొగ వస్తోంది. కోదండపాణి తలుపుకి భుజం ఆనించి తోశాడు. బెత్తెడు కూడా కదల్లేదు. అవతల టేకు మండపం ఉంది, నలుగురు మోసి పెట్టినది. తలుపు చెక్కకి చెవి ఆనించాడు. లోపల దగ్గులు. ఎవరో ఏడుస్తున్నారు. ఆ మధ్యలోంచి వజ్రం గొంతు తెలిసింది.

"ముట్టకండే! మడి లేకుండా స్వామిని ముడితే అయ్యగారు ఒప్పుకోరు. దణ్ణం పెట్టుకోండి, ఆయనే దారి చూపిస్తాడు."

"అక్కా, ఊపిరాడట్లేదే!"

"అయ్యగారికి మాటిచ్చామే..." అంటూనే వజ్రం దగ్గుతెరలో పడిపోయింది. ఆ తరవాత ఆమె గొంతు వినపడలేదు.

"నేను ఒప్పుకుంటున్నాను! తోసెయ్యండి! పడగొట్టెయ్యండి!" అని కోదండపాణి గుద్దుతూ అరిచాడు. ఆ పొగలో, ఆ ఏడుపుల్లో, లోపలివాళ్లకి అది వినపడిందో లేదో. చేతులు జోడించి నిలబడ్డవాళ్లు అలాగే నిలబడ్డారు. పన్నెండేళ్లు ఆయన చెప్పిన మాట అంత బాగా నాటుకుంది.

మోకాళ్ల నొప్పులతో మెట్లు దిగడం ఆలస్యమై, అందరికన్నా ఆఖరున మాణిక్యాంబ అక్కడికి చేరింది. ఆమె గొంతు తలుపులోంచి ఆయనకి స్పష్టంగా వినిపించింది. పెద్దగా అరిచే మనిషి కాదు ఆమె. ఆ రోజూ అరవలేదు.

"స్వామీ, కాస్త తప్పుకో నాయనా, పిల్లలు బయటికి వెళ్లాలి," అంది. తరవాత, "చూస్తారేమర్రా? పట్టండి. పాపం వస్తే నాది," అంది.

లోపల అందరి చేతులూ మండపాన్ని లాగాయి. బయట కోదండపాణీ సింహాద్రీ తలుపు తోశారు. పెద్ద చప్పుడుతో మండపం పక్కకి ఒరిగింది. తలుపు మూరెడు తెరుచుకుంది. ఆ సందులోంచి ఒక్కొక్కరే పక్కకి తిరిగి, మసి మొహాలతో బయటికి వచ్చారు. ఎనిమిది మంది. ఆఖరున మాణిక్యాంబ. ఆమె కొంగులో స్వామి ఇత్తడి విగ్రహం ఉంది.

"వజ్రం లోపలే పడిపోయిందండీ," అంది ఆమె.

సింహాద్రి అప్పటికే మూతికి గుడ్డ కట్టుకుని లోపలికి వెళ్లాడు. నాలుగో మెట్టు దగ్గర దొరికింది వజ్రం, రోజూ పాట పాడే చోటే. చేతులు ఇంకా జోడించే ఉన్నాయి.

వజ్రం బతికింది. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉండి ఇంటికి వచ్చింది. కాని ఆ పొగ ఆమె గొంతు తీసుకుపోయింది. మాట వచ్చింది, పాట రాలేదు. అంతా చల్లారిన ఆ సాయంత్రం ఇవేవీ ఇంకా తెలియవు. ఆసుపత్రి వరండాలో బల్ల మీద మొగుడూ పెళ్లాం పక్కపక్కనే కూర్చున్నారు.

"స్వామి కింద పడిపోయాడు కదే," అన్నాడు కోదండపాణి. "అపచారం జరిగిపోయింది."

"అపచారం ఇవాళ జరగలేదండీ," అంది మాణిక్యాంబ. కోపంగా కాదు, అలిసిపోయి అంది. "ఆయన్ని అక్కడ కాపలాకి కూర్చోబెట్టిన రోజునే జరిగింది. నేనూ చూస్తూ ఊరుకున్నాను. ఇవాళ ఆయన తప్పుకున్నాడు. పడైనా సరే, తప్పుకున్నాడు."

ఆయన తల ఊపాడు.

మర్నాడు శ్రావణ శుక్రవారం. తెల్లవారుతూనే ఇంటిల్లిపాదీ తలస్నానాలు చేశారు. మాణిక్యాంబ స్వామి విగ్రహాన్ని చింతపండుతో తోమి, మసి వదిలించి, ఇంట్లో దేవుడి గూట్లో పెట్టింది. కొత్త చీర కాలిపోయింది కనక పాత చీరతోనే పూజ చేసింది. తరవాత అందరూ కలిసి దుకాణం వెనక సందులోకి వెళ్లారు. విరిగిన మండపాన్ని కొడుకులు మోసుకెళ్లారు. కోడళ్లు మెట్లన్నీ కడిగారు. వడ్రంగి వచ్చి తలుపు ఊడదీసి, బయటికి తెరుచుకునేలా బిగించాడు. పన్నెండేళ్లుగా ఎవరూ తొక్కని ఆ గుమ్మం ముందు మాణిక్యాంబ నెమ్మదిగా వంగి ముగ్గు వేసింది.

కోదండపాణి పురపాలక సంఘానికి వెళ్లి, తన అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నట్టు కాగితం రాసి సింహాద్రికి ఇచ్చాడు. "అయ్యా, ఆ దారిలో ఏమీ పెట్టకూడదన్న చోట, దేవుడితో సహా అని రాయండి," అన్నాడు.

సింహాద్రి కాగితం తీసుకున్నాడు. రాత్రంతా నిద్ర లేని కళ్లు ఆయనవి. "ఏమీ అంటే చాలండి. మనం పాటిస్తే చాలు," అన్నాడు.

నీతి: దేవుడి పేరు చెప్పి సాటివారి దారి మూసేవాడు భక్తుడు కాడు, పదిమంది ప్రాణాలు నిలిపే నియమాన్ని ఆపద రాకముందే పాటించడమే పూజ.