గడ్డికి విందు

ఊళ్ళో తెలివంతా తమ ఇంట్లోనే ఉందని గవరయ్య నమ్మకం. భార్య నూకాలమ్మా, తమ్ముడు పెంటయ్యా కూడా అదే మాట అనేవాళ్ళు. ముగ్గురిదీ ఒకే మాటంటే ఇంకేముంది, నిజమే కదా!

వాళ్ళకి నాలుగు పాడిగేదెలు, ఎకరం పశుగ్రాసం. ఒకసారి గడ్డి పసుపురంగుకి తిరిగింది. వ్యవసాయాధికారి అమ్మగారు వచ్చి చూసి, "గడ్డి ఆకలితో ఉందయ్యా. ఒక బస్తా యూరియా పెట్టండి. వెంటనే తడి ఇవ్వండి. అలాగని నీళ్ళు పారబొయ్యకండి, ప్రతి చుక్కా పాలు కావాలి" అని చెప్పి వెళ్ళింది.

"ఎంత వివరంగా చెప్పిందో!" అని గవరయ్య మురిసిపోయాడు. అంతే, బస్తా మోసుకెళ్ళి, మూతి విప్పకుండా గడ్డి మధ్యన పెట్టాడు. సాయంత్రం దాకా చూశాడు. గడ్డి దాన్ని ముట్టుకోలేదు.

"ఆకలేసినోళ్ళ ముందు బస్తా పెడితే ఎలా తింటారు మావా? విస్తరేసి వడ్డించాలి" అంది నూకాలమ్మ.

ఇంకేముంది, దుబ్బు దుబ్బుకీ ఓ విస్తరి. గవరయ్య దోసిళ్ళతో వడ్డిస్తుంటే, పెంటయ్య వెనకే వస్తూ "మొహమాటపడకండి, ఇంకాస్త వేసుకోండి" అని బతిమాలాడు. గాలికి ఆకులు ఊగాయి. "చాలదంటున్నాయి!" అని మరో రెండు బస్తాలు తెచ్చారు. అదే గాలికి విస్తళ్ళు ఎగిరి, యూరియా అంతా దుబ్బుల మొదళ్ళలో కుప్ప పడింది.

మరి తడి ఇవ్వాలి కదా? నూకాలమ్మ తువ్వాలు తడిపి ఆకు ఆకుకీ మూతి తుడిచింది. బోరు నీళ్ళు మాత్రం ఒక్క బొట్టు కూడా చేలోకి వదల్లేదు. ప్రతి చుక్కా పాలు కావాలి! బిందెలతో తెచ్చి పాల క్యాన్లలో పోశారు.

పాలకేంద్రంలో పాలు కొలిచే ఆయన క్యాను మూత తీసి, "ఇవి పాలా, నీళ్ళా?" అన్నాడు.

"పొద్దున్న నీళ్ళే బాబూ. ఇప్పుడు పాలయ్యాయి" అన్నాడు గవరయ్య గర్వంగా.

ఆయన క్యాన్లన్నీ కాలవలో పోయించాడు.

వారం తిరిగేసరికి గడ్డంతా మాడిపోయింది. గేదెలు ఖాళీ గాడిలో మూతులు పెట్టి అరిచాయి. వాటితోపాటు గవరయ్యా అన్నం ముట్టలేదు.

అమ్మగారు మళ్ళీ వచ్చింది. చేను చూసింది, జరిగింది విన్నది, తల పట్టుకుంది. "మీ బుర్రల్లో ఉన్నదేంటయ్యా? అంతా గడ్డే!"

గవరయ్యకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఆ మాటేదో ముందే చెబితే గేదెలు ఇన్నాళ్ళు పస్తుండేవా తల్లీ!" అంటూ పరుగున వెళ్ళి, జుట్టు అడ్డం లేకుండా గుండు గీయించుకొచ్చాడు. పెద్దగేదె ముందు మోకాళ్ళ మీద కూర్చుని తల వంచాడు. "తినమ్మా."

గేదె గరుకు నాలుకతో ఓసారి నాకింది.

"వదినా, అన్నయ్యది సరిపోకపోతే నాదీ ఉంది" అంటూ పెంటయ్య పక్కన చేరబోయాడు.

నూకాలమ్మ గుడ్లురిమింది. "అంతా ఒక్కసారే మేపేస్తే ఎలాగయ్యా? నీది సాయంత్రానికి. నాది రేపటికి ఉంచుదాం."