గిట్టయ్య విప్పిన గంట

మంచుకొండ దారిలో దేవదారు కొమ్మకు వేలాడే ఇత్తడి గంటను చూశారు కదా! ఏం చూశారో చెప్పండి. "ఓడిపోయినవాడి గంట" అంటారా? ఆగండి. ముందు వినండి, తర్వాత చెబుదురుగాని.

అనగనగా ఎండ కూడా వణుకుతూ వచ్చే ఒక మంచు అడవి. అక్కడ ప్రతి చలికాలం జంతువులకు ఒక పందెం. వెనక కాళ్ళకు చెక్కబద్దలు కట్టుకుని, ముందు కాళ్ళతో కర్రలు పట్టుకుని, మంచు మీద జారుతూ మూడు కొండలు దాటాలి. అందరి మెడలోనూ ఒక గంట. మధ్యలో మానేసినవాడు తన గంటను తానే విప్పి దేవదారుకు కట్టాలి. గాలి వీచినప్పుడల్లా అది మోగుతుంది. మోగినప్పుడల్లా అడవి నవ్వుతుంది. ఆ నవ్వుకు భయపడి ఎవరూ మానేవారు కాదు. కాళ్ళు పోయినా సరే!

గిట్టయ్య అనే కొండమేక ఏడాదంతా సాధన చేసి ఈ పందేనికి వచ్చాడు.

మొదటి కొండ మీద తోకన్న అనే కోతి కంబళి కప్పుకుని నెగడు ముందు కూర్చున్నాడు.

"ఏం అల్లుడూ, కాళ్ళీడుస్తున్నావు?"

"కుడికాలు మండుతోంది మామా."

"మంచిదే! మంటకు చలి తెలియదు. పో పో!"

రెండో కొండ మీద తోకన్న బావమరిది. ఇంకో కంబళి, ఇంకో నెగడు.

"మంట పోయింది బాబాయ్. కాలు మొద్దుబారింది."

"నొప్పే లేదా? అదృష్టవంతుడివిరా! పరుగెత్తు!"

మూడో కొండ కింద, దేవదారు పక్కన, జడలమ్మ అనే జడలబర్రె పందెగాళ్ళకు వేడి జావ పోస్తోంది. గరిటె జారి జావ ఒలికింది.

"అయ్యో నాయనా! కాలిందా?"

"ఎక్కడ అత్తా?"

గిట్టయ్య కిందికి చూశాడు. కుడికాలి మీద జావ పొగలు కక్కుతోంది. అతనికి తెలియనే లేదు! ఈ కాలు పోతే కొండచరియలు ఎక్కేదెలా? మేత దొరికేదెలా?

అతను మెడలోని గంట మీద గిట్ట వేశాడు. అక్కడ ఇంకో నెగడు చుట్టూ చలి కాచుకుంటున్న కోతులన్నీ ఒక్కసారి లేచాయి.

"విప్పకురా! పరువు పోతుంది!"

గిట్టయ్యకు ఒళ్ళు మండింది. "పరువు మీకూ, కాలు నాకూనా? అంత మోజుంటే రండి! ఇవిగో చెక్కలు, మీరే కట్టుకోండి!"

ఒక్క కోతీ నెగడు వదల్లేదు. "మాకు జలుబు" అని ఒకడు గొణిగాడు.

గిట్టయ్య గంట విప్పి కొమ్మకు కట్టాడు. అది మోగింది. కోతులు పడీపడీ నవ్వాయి. జడలమ్మ మాత్రం అతని కాలిని తన పొట్ట కింది ఒత్తు జడల్లో దాచుకుంది. చాలాసేపటికి కాలికి స్పర్శ వచ్చింది. వెంటే ప్రాణం పోయేంత నొప్పి.

"అమ్మా!" అని అరిచాడు.

"అరిచెయ్ నాయనా. నొప్పి తెలిసిందంటే కాలు బతికినట్టే."

పక్కనే జావ తాగుతున్న జింక మెరుపన్న మూతి తుడుచుకున్నాడు. "నా కాలూ మొద్దుబారింది. ఏడుస్తున్నానా? చూడు నా పట్టుదల!"

"వద్దయ్యా, ఆగు!" అని గిట్టయ్య అరిచాడు. మెరుపన్న వినలేదు. మూడో కొండా దాటాడు. కోతులు ఆ సాయంత్రం అతన్ని భుజాల మీద ఊరేగించాయి. మంచు కరిగేలోగా అతని కాలు మోకాలి దాకా కుళ్ళి ఊడిపోయింది.

వసంతం వచ్చింది. గిట్టయ్య చరియలెక్కి లేత గడ్డి మేశాడు. గంట మోగినప్పుడల్లా అడవి నవ్వింది. నవ్వనీ!

మళ్ళీ చలికాలం, మళ్ళీ పందెం. మెరుపన్న కుంటుకుంటూ తోకన్న నెగడు దగ్గరికి వచ్చాడు. "కాస్త చోటివ్వండయ్యా, చలేస్తోంది."

తోకన్న విసుక్కున్నాడు. "అడ్డు తప్పుకోవయ్యా, పందెం కనిపించడం లేదు!"

నీతి: చలి కాచుకునేవాడు చెప్పే ధైర్యం, చలిలో ఉన్నవాడి కాలును కాపాడదు. మరి రేపు మీ కళ్ళముందు ఒకడు గంట విప్పితే, మీరు నవ్వుతారా, నెగడు దగ్గర చోటిస్తారా?